పిచ్చుక పెట్టెలు, గింజల డబ్బాలు, మట్టి మూకుడు: పర్లాకిమిడి పెరట్లో కొన్నేళ్ళ వాడకం తర్వాత

పెరట్లోకి పిట్టలు రావాలంటే ఏం కొనాలని మా బంధువుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్లో 'బర్డ్ హౌస్', 'బర్డ్ ఫీడర్' అని కొడితే వచ్చేవాటిలో సగం మన కళ్ళకోసం చేసినవే, పిట్టల కోసం కాదు. నేను రకరకాలు కొన్నాను, కొన్ని చేయించాను. ఎండకీ వానకీ నిలిచి, పిట్టలు కూడా ఒప్పుకున్నవి తక్కువే. వాటిలో చవకవే ఎక్కువ.

ఈ పెట్టెల గొడవ ఎందుకు వచ్చిందంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని మా గజపతి జిల్లా మీదకి వచ్చింది. చెట్లు కూలాయి, పెంకులు లేచిపోయాయి. ఆ తర్వాత మా వీధిలో పెంకుటిళ్ళు ఒక్కొక్కటీ పోయి స్లాబులు లేచాయి. మా ఇల్లూ అంతే. ఊరపిచ్చుక చెట్టు మీద కన్నా చూరు సందులో, వాసాల మధ్య, గోడ కన్నంలో గూడు పెట్టడానికే ఇష్టపడుతుంది. స్లాబు ఇంటికి సందు ఎక్కడ? గింజలు ఎన్ని చల్లినా తినేసి పోతాయి తప్ప, కాపురం పెట్టవు.

మొదట తెప్పించినది రంగురంగుల పెట్టె. ఎర్ర కప్పు, ముందు చిన్న పుల్ల, చూడ్డానికి బొమ్మరిల్లే. ఒక వానాకాలానికే అట్ట చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. అసలు తప్పు చెక్కలో లేదు, కన్నంలో ఉంది. కన్నం పెద్దది కావడంతో గోరింకలు వచ్చి తిష్ఠ వేశాయి. గోరింక ఉన్నచోట పిచ్చుక నిలవదు. ఊరపిచ్చుకకు 32 మిల్లీమీటర్ల కన్నం, అంటే అంగుళం పావు, సరిపోతుంది. పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, అది వదులుగా దూరేంత అని వడ్రంగికి చెబితే చాలు, టేపు అక్కర్లేదు. ముందున్న పుల్ల కూడా అనవసరం. పిచ్చుక అంచుని పట్టుకునే లోపలికి దూరుతుంది. పుల్ల ఉంటే కాకికే ఆసరా.

తర్వాత మా వీధి వడ్రంగి చేత పాత తలుపు ముక్కలతో పెట్టెలు చేయించాను. లోపల అయిదంగుళాల చదరం, ఎత్తు తొమ్మిదంగుళాలు, అడుగు నుంచి ఆరంగుళాల పైన కన్నం. అడుగున నీళ్ళు కారడానికి చిన్న బెజ్జాలు, పైన పక్కలకి గాలాడే సందు, మూతకి మేకు బదులు స్క్రూ. స్క్రూ ఎందుకంటే, పిల్లలు ఎగిరిపోయాక విప్పి పాత గడ్డి తీసేయాలి. లేకపోతే పేలు, చిన్న పురుగులు చేరి తర్వాతి కాన్పుని పీడిస్తాయి. లోపల రంగు వేయకూడదు. బయట కూడా మేం వేయలేదు. సన్‌షేడ్ కింద, నేల నుంచి పదడుగుల ఎత్తులో, మధ్యాహ్నపు ఎండ తగలని గోడకి బిగించాం. సిమెంటు గోడ మీద మే నెల ఎండలో పెట్టె పొయ్యి అయిపోతుంది, ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. పిచ్చుకలు గుంపుగా బతికేవి కాబట్టి రెండు మూడు పెట్టెలు పక్కపక్కనే పెట్టినా తగువు లేదు.

మొదటి ఏడాది ఏ పిట్టా తొంగి చూడలేదు. "ఖాళీ ఇల్లు, అద్దె కూడా రాదు" అని మా వదిన ఎగతాళి చేసింది. మరుసటి ఎండాకాలానికి ఒక పోతుపిచ్చుక, గొంతు కింద నల్లమచ్చతో, కన్నం దగ్గర కూర్చుని పొద్దస్తమానం ఒకటే కూత. పెంటి వచ్చి తల లోపల పెట్టి చూసి వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చి చూసింది. ఆ తర్వాత చీపురు పుల్లలు, కోడి ఈకలు, మా అమ్మ కుట్టుమిషను కింద రాలిన దారపు పోగులు అన్నీ లోపలికి చేరాయి. కన్నంలోంచి ఒక గులాబీ రంగు దారం వారం పాటు వేలాడుతూనే ఉంది. గుడ్లు పొదగడానికి పన్నెండు రోజుల అటూ ఇటూ, పిల్లలు గూడు విడవడానికి మరో రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ మూత తీసి చూడాలనిపిస్తుంది. తీయకండి.

కొబ్బరి పీచు గూడు గురించి ఒక్క మాట. సుమారు 200 రూపాయలకి దొరుకుతుంది. పంజరంలో పెంచే చిన్న పిట్టలకి పనికొస్తుందేమో, ఆరుబయట మాత్రం వానకి కుళ్ళింది. మెడ దగ్గర కన్నం చేసిన మట్టి కుండ బాగానే పనిచేసింది, ఎండలో చల్లగా ఉంటుంది, కానీ శుభ్రం చేయడం కష్టం.

ఇక గింజల డబ్బాలు. కిటికీ అద్దానికి రబ్బరు చప్పాలతో (సక్షన్ కప్పులతో) అతికించే పారదర్శక ట్రే చూడ్డానికి గొప్పగా ఉంటుంది. మా ఎండకి చప్పాలు పట్టు వదిలేస్తే మొత్తం కింద పడింది. వేలాడే ప్లాస్టిక్ గొట్టం రెండో వేసవికి పెళుసై చిట్లిపోయింది. దానితో పాటు వచ్చిన గింజల పొట్లంలో పొద్దుతిరుగుడు గింజలే ఎక్కువ. వాటిని ఉడుతలు, రామచిలుకలు పంచుకున్నాయి, పిచ్చుకల వాటా అంతంతమాత్రం. ఇప్పుడు మూడు తాళ్ళతో వేలాడదీసిన కొబ్బరి చిప్పలు వాడుతున్నాం. అడుగున బెజ్జం పెడితే వాన నీరు నిలవదు. మేత నూకలు, గంటెలు (సజ్జలు), చోళ్ళు (రాగులు). చిరుధాన్యాల కోసం ప్రభుత్వం పెట్టిన ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో మా జిల్లాలోనూ మొదలైంది, చోళ్ళకి మళ్ళీ మర్యాద వచ్చింది. చోళ్ళనే ఒడియాలో మండియా అంటారు, పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) ఇచ్చే గుప్పెడు మండియా కూడా చిప్పలోకే పోతుంది. ఉప్పు కలిసిన కారప్పూస, చిప్స్, పాసిపోయిన అన్నం పెట్టొద్దు. బూజు పట్టిన వేరుశనగలు అసలే వద్దు, ఆ బూజు విషం. పొద్దున్న ఒక గుప్పెడు పెట్టి, అయిపోతే అయిపోయిందని ఊరుకోండి. సాయంత్రానికి గింజ మిగిలితే రాత్రికి ఎలుకలు వస్తాయి. మేత ఎక్కువైతే పావురాలు దిగుతాయి. అవి ఒకసారి అలవాటు పడితే వదలవు, ఆ రెట్ట కడగడం ఇంట్లో ఎవరి వంతో అని రోజూ పంచాయితీ.

అన్నింటిలోకీ నాకు నచ్చింది వరికంకుల కుచ్చు. ఇది సమీక్ష రాయాల్సిన వస్తువే కాదని కొందరంటారు. చిన్నప్పుడు ప్రతి ఇంటి చూరుకీ వేలాడేది, ఇప్పుడు అలంకరణ వస్తువుల దుకాణంలో అమ్ముతున్నారు. కాశీనగరం వైపు పొలం ఉన్న మావయ్య కోతలప్పుడు గడ్డి కాడలతో సహా కంకులు పంపుతాడు. ఇక్కడ మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజకు కొత్త ధాన్యం తెచ్చుకునే అలవాటు ఉండడంతో ఆ నెలలో బజారులోనూ కంకులు దొరుకుతాయి. కాడలు కాస్త తడిపి జడలా అల్లి, కంకులు కిందకి వేలాడేలా కడతారు. బాగా ఆరాకే కట్టాలి, తేమ ఉంటే నల్లబడుతుంది. పిచ్చుక కంకిని రెండు కాళ్ళతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, గింజ లాగి, ముక్కులో అటూ ఇటూ తిప్పుతుంది. ఊక కింద రాలుతుంది, బియ్యం లోపలికి పోతుంది. అంత నేర్పు ప్లాస్టిక్ గొట్టం దగ్గర చూడలేదు. జీనువాయి పిట్టలు కూడా గుంపుగా వచ్చి వాలతాయి. తాడుతో కడితే ఎలుక దిగివస్తుంది, సన్నని ఇనప తీగతో వేలాడదీయండి.

నీళ్ళ విషయానికొస్తే, వెడల్పు మట్టి మూకుడు ఒకటి చాలు. ఖర్చుకి తగ్గ ఫలితం అంటే ఇదే. గింజ తినని పిట్టలు కూడా నీటికి వస్తాయి: బుల్‌బుల్, గోరింక, నల్లంచి. లోతు రెండంగుళాలు దాటకూడదు, మధ్యలో ఒక రాయి పెడితే చిన్న పిట్టలు నిలబడతాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం పదిరోజులు చాలు కాబట్టి నీళ్ళు రోజూ మార్చాలి, వారానికోసారి పీచుతో గీరి కడగాలి. కాకులు ఎక్కడెక్కడి ఎండు రొట్టెముక్కలో తెచ్చి అందులో నానబెడతాయి, ఒకసారి చేప తల కూడా తెచ్చాయి. ఓపిక ఉండాలి.

చక్కెర నీళ్ళు పోసే ఎర్ర సీసా కూడా కొన్నాను. అది అమెరికాలో హమ్మింగ్ బర్డ్స్ కోసం పుట్టిన వస్తువు, ఆ పిట్టలు మన దేశంలో లేవు. మా తేనెపిట్టలు దానివైపు చూడలేదు, చీమలు మాత్రం బారులు తీరాయి. మందారం, నూరువరహాలు నాటితే తేనెపిట్టలు వాటంతటవే వచ్చాయి. ఒకటి స్కూటర్ అద్దంలో తన బొమ్మని శత్రువనుకుని పొద్దున్నంతా పొడిచేది. అద్దానికి పాత సాక్సు తొడిగాం, గొడవ వదిలింది.

పెట్టె అమ్మేవాళ్ళు చెప్పనిది ఒకటుంది. పెద్ద పిచ్చుక గింజ తింటుంది, పిల్లకి మాత్రం మొదటి రోజుల్లో మెత్తని పురుగులే కావాలి. చిక్కుడు పాదు మీద మందు కొడితే పెట్టెలో పిల్లలకి తిండి ఉండదు. మేం మందు మానేశాక కాయ కొంత పుచ్చింది, నిజమే. ఒక మూల రాలిన ఆకులు ఊడవకుండా వదిలేశాం, రెండడుగుల మేర పొడి మట్టి కూడా వదిలేశాం. పిచ్చుకలు అందులో మట్టి స్నానం చేస్తాయి.

పెంపుడు పిల్లి బయట తిరిగే ఇంట్లో ఇవేవీ పెట్టొద్దు, పిల్లికి విందు పెట్టినట్టే. వీధి పిల్లుల కోసం మూకుడుని పొదకి ఆరడుగుల దూరంలో, గట్టు మీద పెట్టాం. ఫ్లాట్ బాల్కనీ వాళ్ళయితే పెట్టె, మూకుడు పెట్టి గింజలు మానేయండి, కింది ఇంటివాళ్ళ బట్టల మీద రెట్ట పడితే మాట వస్తుంది. చిలుకలు రావడం మొదలయ్యాక పట్టి పెంచుకుందామని పిల్లలు అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని మా వాళ్ళకి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది.

కొనాల్సిందేమిటని ఇప్పుడడిగితే: ఒక మూకుడు, కోతల కాలంలో ఒక కుచ్చు, వడ్రంగికి 300, 400 ఇచ్చి ఒక పెట్టె. నల్లంచి పిట్ట కూడా మా గోడ కన్నం చుట్టూ తిరుగుతోంది, దానికి రెండంగుళాల కన్నంతో వేరే పెట్టె చెప్పాను. గోరింకలు ముందే ఆక్రమిస్తాయని వడ్రంగి పందెం కాస్తున్నాడు.