అభిలేఖ్ పటల్‌లో ముత్తాత దొరుకుతాడా?

పాత ప్రభుత్వ ఫైళ్లు దాచే జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వాళ్ల వెబ్‌సైట్ అభిలేఖ్ పటల్‌లో వెతకడానికి పైసా ఖర్చు లేదు. కానీ తాత పేరు కొట్టి, ఏమీ రాలేదని మూసేసేవాళ్లే ఎక్కువ. అది ప్రధానంగా ఫైళ్ల శీర్షికల సూచిక, మనుషుల సూచిక కాదు. శీర్షికలో లేని పేరు లోపల పది పేజీల్లో ఉన్నా బయటపడదు.

అందుకే ఊరు, జిల్లా, హోదాతో మొదలుపెట్టాలి. అసలు తలనొప్పి ఇంగ్లీషు స్పెల్లింగు. హనుమకొండనే హనమ్‌కొండ, హనుమ్‌కొండ, హన్మకొండ అని మూడు రకాలుగా కొట్టి చూడాలి. కరీంనగర్ వైపు వాళ్లు 1905కు ముందరి కాగితాలకు అప్పటి జిల్లా పేరు ఎలగందుల అని వెతకాలి. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోదే. ఫైలు కనిపించగానే శాఖ, సంవత్సరం, ఫైలు నంబరు మూడూ రాసిపెట్టుకోండి. నంబరు ఒక్కటే ఉంటే మళ్లీ దొరకదు.

నిజాం కాలంలో హైదరాబాద్ రెసిడెన్సీతో, అంటే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయంతో ఉత్తరాలు నడిపిన కుటుంబాలకు ఇది బంగారమే. రైతు కుటుంబాలకు మాత్రం పెద్దగా అక్కరకు రాదు. వాళ్లకు దిక్కు తహసీల్ ఆఫీసులోని 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరి చేతిలో ఉందో రాసిన రికార్డు. పాత కాగితం మీద 1364 ఫసలీ (పాత రెవెన్యూ లెక్క సంవత్సరం) అని ఉంటే 590 కలుపుకోండి, అదే ఏడాది. ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకుపోవాలి. ‘ఎల్లయ్య వల్ద్ మల్లయ్య’ అంటే మల్లయ్య కొడుకు ఎల్లయ్య, ఒక్క గడిలో రెండు తరాలు. పట్టాదారు, కబ్జాదారు (భూమి చేతిలో ఉన్నవాడు) గడులు రెండూ చూడాలి, చాలాసార్లు పేర్లు వేరువేరుగా ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల జాబితా) 1983 నుంచే కాబట్టి ముత్తాతల దాకా పోదు.