సోమశిలలో దోపిడీ, వైజాగ్ కాలనీలో చేపల వేపుడు

కృష్ణా బ్యాక్‌వాటర్‌లో గాలం వేసి చేపలు పట్టాలని పిల్లాపాపలతో బయల్దేరేవాళ్లు ఇది చదివి వెళ్తే మంచిదని రాస్తున్నాను. శ్రీశైలం జలాశయం ఒడ్డున, సోమశిల చుట్టుపక్కల ఒక ప్రైవేటు బసలో మమ్మల్ని నిలువునా దోచారు. మర్నాడు సాగర్ జలాశయం ఒడ్డున వైజాగ్ కాలనీలో ఒక పెద్దాయన మా మనసు నింపి పంపాడు. రెండు చోట్లా అదే కృష్ణమ్మ. తేడా అంతా బోటును చూసుకునే మనిషిలోనే.

ఫిబ్రవరి నెలాఖరు. నేను, మా పదేళ్ల బాబు, బావమరిది, మిర్యాలగూడలో ట్రాక్టర్ ఇంజన్లు బాగుచేసే మా అన్నయ్య (పెద్దనాన్నగారి అబ్బాయి) కలిసి వెళ్లాం. శుక్రవారం సాయంత్రానికి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాం. లలితా సోమేశ్వరాలయంలో దర్శనం, ఘాట్‌లో కాళ్లు తడుపుకోవడం అన్నీ హాయిగా జరిగాయి.

ఇక బస సంగతి. గదికి 3,500 తీసుకున్నారు. పరుపు, ఏసీ బాగానే ఉన్నాయి, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా వాళ్లు 'ఫిషింగ్ ప్యాకేజీ' అని అమ్మిన దాని మీద. నాలుగు గంటలకు 2,400, పెట్రోలుకు వేరే 600, గాలం కర్రలకు డిపాజిట్ 1,000. అంటే పొద్దున్నే ఒడ్డు మీదే నాలుగు వేలు చేతులు మారాయి. ఇచ్చిన కర్రలు రంగురంగుల్లో మెరుస్తున్నాయి గానీ రీలు మీద నైలాన్ దారం ఎండకు పెళుసుబారిపోయి ఉంది. అన్నయ్య మూరెడు దారం రెండు చేతులకు చుట్టి లాగితే పుటుక్కున తెగింది. ఎండలో వదిలేసిన నైలాన్ అంతే, పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. "వేరే దారం ఉందా తమ్ముడూ" అని అడిగితే బోటు కుర్రాడు మేనేజర్ వైపు చూశాడు, మేనేజర్ ఫోన్ వైపు చూశాడు.

బోటు చిన్న ఫైబర్ బోటు, వెనక పెట్రోల్ ఇంజన్. ఎక్కేసరికే అడుగున నీళ్లున్నాయి. రాత్రి మంచు నీళ్లన్నారు. అన్నయ్య చెక్క జరిపి చూస్తే బీటలు. ఫైబర్ బీట వారితే ఆ మేర గీకి, తడి పూర్తిగా ఆరబెట్టి, ఫైబర్ మ్యాట్ వేసి, రెజిన్ జిగురులో అది గట్టిపడటానికి హార్డెనర్ కలిపి పూయాలి. అక్కడ మాత్రం తడి మీదే ఎంసీల్ మెత్తారు, అది పొలుసులుగా లేస్తోంది. బోటులో తెడ్డు లేదు. నీళ్లు తోడడానికి డబ్బా లేదు. మేము నలుగురం, కుర్రాడితో ఐదుగురం అయితే లైఫ్ జాకెట్లు మూడు, అందులో ఒకదానికి బకిల్ విరిగింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి అంత ప్రమాదం జరిగాక కూడా జాకెట్లు లెక్క చూడకుండా బోటు కదిలించేవాళ్లుంటే ఏమనాలి? నేను గట్టిగా మాట్లాడితే మేనేజర్ లోపలికి వెళ్లి ఇంకో మూడు తెచ్చాడు. ఉన్నవే అన్నమాట, బయటికి తీసే ఓపిక లేదంతే.

ఈ జలాశయం పూర్తి మట్టం సముద్ర మట్టం నుంచి 885 అడుగులు. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు వెనక్కి పోతాయి, అంచుల్లో లోతు తగ్గుతుంది. ప్రాజెక్టు నిండినప్పుడు మునిగిన చెట్ల మోళ్లు, ఊళ్ల గోడలు పైకి రావడానికి జానెడు దూరంలో ఉంటాయి. తెలిసినవాడు అక్కడ ఇంజన్ ఆపి తెడ్డు వేస్తాడు. మా బోటులో తెడ్డు లేదు కదా, కుర్రాడు వేగంగానే పోనిచ్చాడు. అరగంట కాకముందే కింద టక్కుమంది. ఇంజన్ మోగుతోంది, బోటును నెట్టే నీళ్లలోని ఫ్యాను తిరగడం లేదు. షియర్ పిన్ తెగిందని అన్నయ్యకు వెంటనే అర్థమైంది. ఫ్యాను దేనికైనా కొట్టుకుంటే లోపల గేర్లు పగలకుండా తాను తెగిపోవడానికే ఆ చిన్న పిన్ను పెడతారు. తెగడం తప్పు కాదు, అది దాని పని. రెండు పిన్నులు, ఒక ప్లయరు బోటులో పెట్టుకుంటే పావుగంట పని. అవే లేవు.

గంటన్నర ఎండలో ఉన్నాం. బాబు మొదట్లో ప్రశ్నలు అడిగాడు, తర్వాత నా చొక్కా పట్టుకుని మాట్లాడటం మానేశాడు. మామూలుగా నోరు మూయని బావమరిది కూడా మౌనంగా తన టోపీతో నీళ్లు తోడుతూ కూర్చున్నాడు. అది చూస్తే నాకు ఇంకా టెన్షన్ పెరిగింది. చివరికి పుట్టి మీద వలలు తీసుకుని పోతున్న ఇద్దరు భార్యాభర్తలు చూసి, తాడు కట్టి, వంతులవారీగా తెడ్డు వేస్తూ మమ్మల్ని ఒడ్డుకు లాగారు. వెదురు పుట్టి, కింద తారు పూసిన పట్టా. అది ఈ ఫైబర్ బోటును ఈడ్చుకొచ్చింది. ఐదు వందలు ఇస్తే ఆమె వద్దంది. బలవంతంగా వలల మీద పెట్టాం. చేపలెలా పడుతున్నాయని అడిగితే, దోమతెరంత సన్న కన్నులుండే అలివి వలలు దొంగచాటుగా వేసి పిల్ల చేపల్ని కూడా ఊడ్చేస్తున్నారని ఆయన వాపోయాడు.

ఒడ్డుకొచ్చాక అన్నయ్య ఊరుకోలేదు. కారులోంచి తన సామాన్ల సంచి తెచ్చి ఫ్యాను విప్పాడు. వెనక షాఫ్టుకు పాత నైలాన్ దారం చిక్కుగా చుట్టుకుని ఉంది. నాకు చూపించి, "ఇదేరా అసలు రోగం" అన్నాడు. ఆ దారం తిరిగి తిరిగి ఆయిల్ సీలును కోసేస్తుంది, అక్కణ్ణుంచి నీళ్లు గేర్ బాక్సులోకి పోతాయి. దాని కింద స్క్రూ విప్పితే కారిన ఆయిల్ అచ్చం పాలు ఎక్కువైన టీ లాగా ఉంది. నీళ్లు కలిసిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. గాలాలు వేసే బోటుకు ఫ్యాను వారానికోసారైనా విప్పి దారం తీయకపోతే ఇదే గతి. ఇదంతా మేనేజర్ ముందే జరిగింది. అయినా ఆయన డిపాజిట్‌లోంచి పిన్ను విరగ్గొట్టినందుకు 500 పట్టుకుని, మిగతా 500 చేతిలో పెట్టాడు. ఒక్క చేప పడలేదు. ఒక్క రూపాయి తగ్గించలేదు. బావమరిది అప్పుడు నోరు తెరిచాడు, ఆ మాటలు ఇక్కడ రాయలేను.

ఆ రాత్రి అక్కడ ఉండాలనిపించలేదు. అచ్చంపేట, డిండి మీదుగా దేవరకొండ వచ్చి 900 రూపాయల లాడ్జిలో పడుకున్నాం. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి.

నాగార్జునసాగర్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మత్స్యకార కుటుంబాల వల్ల వైజాగ్ కాలనీకి ఆ పేరు. నల్లగొండ జిల్లాలో నిలబడి ఉత్తరాంధ్ర యాస వినొచ్చు. ఆదివారం పొద్దున ఏడింటికి చేరేసరికి ఒడ్డున ఒక పెద్దాయన చెక్క పడవను బోర్లించి పని చేసుకుంటున్నాడు. పలకల సందుల్లో పాత నూలు గోకి తీసి, కొత్త నూలు పేని, ఉలి ఆనించి చెక్క సుత్తితో చిన్నగా కొడుతున్నాడు. పక్కన రాళ్ల పొయ్యి మీద గుగ్గిలం నూనెలో కాగుతోంది. పొగ వాసన ఒడ్డంతా పట్టింది. మా బాబు వెళ్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏటి తాతా ఇది" అని ఆయన యాసలోనే అడిగితే ఆయన పకపకా నవ్వి, వాడి వేలు పట్టుకుని సందు వెంట నడిపించాడు. "ఇక్కడ మెత్తగ తగిలిందా? అక్కడే నీరొస్తాది బాబూ."

ఆ పడవ ఆరాలి కాబట్టి తమ్ముడి పడవలో తీసుకెళ్లాడు. నాలుగు గంటలకు 1,200, ఇంకేమీ లేదు. జాకెట్లు వేశాకే తాడు విప్పాడు. రెండు తెడ్లు, నీళ్లు తోడే డబ్బా, చిన్న లంగరు రాయి అన్నీ ఉన్నాయి. ఇంజన్ లేదు, అక్కర్లేదు కూడా. అన్నయ్య అడుగు చెక్క ఎత్తి తడిమి, చెయ్యి పొడిగా ఉందని నాకు చూపించాడు. నిన్నటి నుంచి అన్నయ్య ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

చేపలు పట్టడం కూడా ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఒకే చోట మూడు గాలాలు, మూడు లోతులు. బొచ్చె పైన తిరుగుతుంది, రవ్వ మధ్య నీళ్లలో, ఎర్రమోసు అడుగున మేస్తుంది. దాన్ని బట్టి బెండు జరిపాడు. ఎర వేరుశనగ చెక్క, తవుడు కలిపిన ముద్ద. మేము సూపర్ మార్కెట్ లాంటి షాపులో 450 పెట్టి కొన్న రబ్బరు ఎరలు సంచిలోంచి తీయనే లేదు. జెల్లలు కావాలంటే వానపాములు పెట్టాలన్నాడు. బాబు గాలానికి కిలోన్నర రవ్వ పడింది. బెండు మునిగినప్పుడు వాడు వేసిన కేకకు బావమరిది ఉలిక్కిపడి లేవబోతే పెద్దాయన భుజం నొక్కి కూర్చోబెట్టాడు. చిన్న పడవలో లేచి నిలబడకూడదు, ఇది పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

తిండి సంగతి చెప్పకపోతే పాపం. మా చేపనే గుడిసె హోటల్లో ఇచ్చాం. కోసి, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పెద్ద మూకుడులో వేపి ఇచ్చినందుకు 150. అది చాలక ఇంకో కిలో బొచ్చె 220కి కొన్నాం. ముక్క అంచులు కరకరలాడుతూ, లోపల తెల్లగా పొరలు విడిపోతూ, పైన నిమ్మకాయ పిండితే అప్పుడే నీళ్లలోంచి వచ్చిన తీపి తెలుస్తోంది. ముళ్లంటే భయపడి ఇంట్లో చేప ముట్టని మా బాబు అన్నం అడగకుండా నాలుగు ముక్కలు తిన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది: జలాశయంలో చేపలు పట్టే హక్కు లైసెన్సున్న మత్స్యకారులది, కాబట్టి సొంతంగా దిగకుండా వాళ్లతోనే వెళ్లండి, వాళ్లకే డబ్బులివ్వండి. శ్రీశైలం వైపు కొంత మేర అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా ఆ ఒడ్డున దిగనివ్వరు. సోమశిల చూడండి, గుడికి వెళ్లండి, కానీ ఇంజన్ బోటు మాట్లాడుకుంటే డబ్బులిచ్చే ముందే అడుగు చెక్క ఎత్తమనండి, తెడ్డు, స్పేర్ పిన్ను చూపించమనండి. చూపించకపోతే ఎక్కకండి. వైజాగ్ కాలనీలో మంచి గదులు ఆశించొద్దు, దేవరకొండలో పడుకుని తెల్లారి బయల్దేరండి. ఆదివారం పన్నెండు దాటితే హైదరాబాద్ కార్లు వరుసకడతాయి, మూకుడు దగ్గర గంట నిలబడాలి, పెద్ద చేపలన్నీ అప్పటికే అయిపోతాయి.