బోరు గాలి కక్కుతోంది: ఇంకో బోరా, ఉన్నదానికే ఇంకుడు గుంతా?

ఎండలు ముదిరితే తిరుపతి, చిత్తూరు శివారు కాలనీల నుంచి వచ్చే ప్రశ్న ఇదొక్కటే. కల్యాణి డ్యాం నీళ్లో తెలుగుగంగ నీళ్లో కొళాయికి వచ్చే ఇళ్లకు ఈ గొడవ తక్కువ. బోరే దిక్కైనవాళ్లు మాత్రం బోరు బండికి ఫోన్ చేసే ముందు ఒక లెక్క తేల్చుకోవాలి.

మోటారు గాలి లాగినంత మాత్రాన బోరు ఎండినట్టు కాదు. ఊరే దానికంటే తోడేది ఎక్కువైంది, అంతే. గాలి వచ్చేదాకా నడిపి ఆపండి. సరిగ్గా గంటకు మళ్లీ వేసి, గాలి వచ్చేలోపు సంపులో ఎంత పడిందో కొలవండి. సంపు అడుగు ఒక చదరపు మీటరైతే, మట్టం సెంటీమీటరు పెరిగినప్పుడల్లా 10 లీటర్లు పడ్డట్టు. అదే మీ బోరు గంట ఊట. నా దృష్టిలో మిగతావన్నీ ఈ అంకె తర్వాతే.

గంటకు 50 లీటర్లే వచ్చిందనుకోండి. చూస్తే మూడు బిందెలు, రోజంతా కలిపితే 1,200 లీటర్లు. మనిషికి 135 లీటర్ల పట్టణ లెక్కన ఐదుగురికి కావలసింది 675. అంటే పోయిందనుకున్న బోరే ఇంటికి సరిపోతుంది. కావలసినవి స్టార్టరుకు టైమరు, నీళ్లు లేనప్పుడు మోటారును ఆపేసే డ్రై రన్ కట్, 2,000 లీటర్ల సంపు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు నిలుస్తాయి. మట్టం పైకొచ్చేకొద్దీ ఊట మందగిస్తుంది కాబట్టి, నిండేదాకా ఆగకుండా మూడు గంటలకోసారి ఐదు నిమిషాలు తోడితే ఎక్కువ దక్కుతుంది. మోటారు కింద ఇంకా లోతు ఉంటే 20 అడుగుల పైపులు రెండు కలిపి దించి చూడండి. కొత్త బోరు ఖర్చుతో పోలిస్తే ఇది ఏపాటి?

ఊట గంటకు 20 లీటర్లకు పడిపోయినా నా మొగ్గు ఇంకుడు గుంతకే. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 మి.మీ. వాన పడితే, వృథా పోను 750 లీటర్లు దిగుతాయి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన గట్టిది. వాయుగుండం పట్టిన రోజు 100 మి.మీ. పడితే 7,500 లీటర్లు. అందుకే గుంత సెప్టెంబరు కల్లా సిద్ధంగా ఉండాలి.

ఐదడుగుల చదరం, ఎనిమిది అడుగుల లోతు తవ్వి, ఏమీ నింపకముందే 200 లీటర్ల డ్రమ్ము నీళ్లు గుమ్మరించండి. గంటలో ఇంకితే అడుగున మొరం ఉన్నట్టు, గుంత ఒక్కటే చాలు. మర్నాటికీ నిలిచే ఉంటే కింద రాయో బంకమట్టో ఉన్నట్టు. అప్పుడు బోరు చుట్టూనే గుంత తీసి, కేసింగుకు (బోరు పైభాగంలో దించిన గొట్టం) 5 మి.మీ. రంధ్రాలు వేసి, నైలాన్ జాలీ రెండు చుట్లు బిగించాలి. రంధ్రాలు వేసే ముందు మోటారు బయటికి తీయించాల్సిందే. లేకపోతే డ్రిల్లు కేబులుకు తగులుతుంది, డ్రిల్లు వేసిన పొడంతా మోటారు మీదికి జారుతుంది. అడుగున బండరాళ్లు, పైన 40 ఎం.ఎం. కంకర, ఆపైన 20 ఎం.ఎం., చివర ఇసుక. అదీ సగం దాకానే. నిండా నింపితే నీటికి మిగిలే చోటు మూడో వంతే.

గుంతలు పాడయ్యేది ఎక్కువగా బురదతోనే. రెండడుగుల తొట్టి ఒకటి ముందు కట్టి, మట్టి అందులో పేరుకునేలా చేయండి. మొదటి వాన నీటిని బయటికి వదిలేయండి. పై ఇసుకను ఏటా మార్చండి. బోరులోకి దించేది మిద్దె నీళ్లే అయి ఉండాలి, వీధి నీళ్లు వద్దే వద్దు. సెప్టిక్ ట్యాంకు దగ్గర్లో ఉంటే ఈ పని పెట్టుకోకండి.

మరి కొత్త బోరు? తిరుమల కొండ క్వార్ట్జైటైనా, దిగువన మనం బోరు దించేది ఎక్కువగా గ్రానైటు లాంటి గట్టి రాతిలోకి. అందులో నీళ్లుండేది పగుళ్లలోనే, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు మూసుకుపోతాయి. 300 అడుగులు దాటితే అడుగు రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది, నీళ్లు పడే అవకాశం మాత్రం పెరగదు. పడినా పెద్ద మోటారు, పొడవాటి కేబులు, ఫ్లోరైడు భయం. పైగా పగులు ఒకటే అయితే పక్కింటి బోరులోని నీళ్లే మీ బోరులోకి వస్తాయి. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లను నమ్మేకంటే వెయ్యి అడుగుల బోరు వేసిన పక్కింటివాళ్లను అడగడం నయం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతీ కావాలి. ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపైతే కష్టమే. గంట ఊట సున్నా అయి, మోటారు దించినా చుక్క రాకపోతేనే ఈ దారి.

ట్యాంకరు ఎండాకాలం గడవడానికి పనికొస్తుంది, అంతకు మించి చెప్పేదేం లేదు. 5,000 లీటర్లన్నది నిజంగా ఉందో లేదో సంపులో కొలుచుకోండి.

కొత్త బోరు వేసినా పాతదాన్ని పూడ్చేయకండి. మిద్దె నీళ్లు వడగట్టి అందులోకే మళ్లించి, కేసింగు మీద ఇనుప మూత బోల్టులతో బిగించండి.