స్టార్టింగ్ ట్రబుల్‌కి టెస్టు బల్బు, మల్టీమీటర్, ఓబీడీ అడాప్టర్: రొయ్యల పికప్‌లో కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. పికప్ ఒకసారి స్టార్ట్ అవుతూ ఇంకోసారి మొరాయిస్తుంటే, ఈ మూడింటిలో ఎక్కువ పనికొచ్చేది టెస్టు బల్బు. దాని తర్వాత వోల్టులు కొలిచే మల్టీమీటర్. బండి కంప్యూటర్‌లోని అంకెలు, కోడ్‌లు ఫోన్‌లో చూపించే ఓబీడీ అడాప్టర్ ఆఖరు. అదీ సెల్ఫ్ (ఇంజిన్ని తిప్పి లేపే స్టార్టర్ మోటారు) బాగానే తిరిగి ఇంజిన్ అందుకోనప్పుడే. ధరలు చూస్తే ఈ వరుస సరిగ్గా తిరగబడుతుంది.

మాది భీమవరం పక్క. బండి బీఎస్-4 డీజిల్ పికప్, పని రొయ్యలు. చెరువు గట్టు మీద పట్టుబడి అయ్యాక ట్రేల్లో ఐసు కొట్టి ప్లాంటుకి తోలతాం. ఈ పనిలో స్టార్టింగ్ ట్రబుల్ అంటే మామూలు టెన్షన్ కాదు. లోడు ఎక్కాక ఐసు కరుగుతూనే ఉంటుంది, గట్టు మీద వెనక ఇంకో బండి ఆగి ఉంటుంది, పక్కకి తప్పించే చోటు ఉండదు. అదే బండిని పొద్దున్నే షెడ్డుకి తీసుకెళ్తే మొదటి తాళానికే ఠక్కున స్టార్ట్ అవుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ని తప్పు పట్టలేం. "ఇప్పుడు బానే ఉంది కదండీ, మళ్లీ వచ్చినప్పుడు తీసుకురండి" అంటాడు. మళ్లీ వచ్చినప్పుడు బండి రాదు, అదే కదా అసలు సమస్య. వచ్చీపోయే ఫాల్టుని వచ్చిన చోటే, వచ్చిన నిమిషంలోనే కొలవాలి. అందుకే ఈ సామాన్లు క్యాబిన్లోనే ఉంటాయి.

కొలిచే ముందు చెవితో వినాలి. తాళం తిప్పితే అసలు శబ్దమే లేదా? ఒక్క 'టక్' అని ఆగిందా? 'టకటకటక' అని కొట్టుకుందా? సెల్ఫ్ బద్ధకంగా తిరిగిందా? లేక హుషారుగా తిరిగినా ఇంజిన్ అందుకోలేదా? ఇవి వేర్వేరు జబ్బులు. టకటకలాడిందంటే కరెంటు చాలడం లేదు. సోలినాయిడ్ (సెల్ఫ్‌కి లావు కరెంటు వదిలే అయస్కాంతపు స్విచ్) లాగుతుంది, అంతలో వోల్టేజీ పడిపోయి వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఒక్క టక్ అయితే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు గానీ లావు వైర్లు గానీ అనుమానించాలి. శబ్దమే లేకపోతే తాళం స్విచ్, రిలే, క్లచ్ పెడల్ దగ్గర స్విచ్, సోలినాయిడ్‌కి వెళ్లే సన్న వైరు చూడాలి. షెడ్డుకి ఫోన్ చేసి "స్టార్ట్ కావట్లేదు" అని మాత్రం చెబితే వీటన్నిటికీ కలిపి ఒకే మందు చెబుతారు: బ్యాటరీ మార్చేద్దాం.

బ్యాటరీ సంగతి మీటర్ రెండు నిమిషాల్లో తేలుస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జి. 12.2 దగ్గరుంటే సగం, 12కి దిగితే బాగా డౌన్ అయినట్టే. అయితే ఊరికే ఉన్నప్పటి లెక్క సగం మాటే. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6 కన్నా కిందికి దిగకూడదు. దిగితే బ్యాటరీని అనుమానించొచ్చు. దిగకుండా 11 దగ్గర నిలబడి కూడా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందంటే బ్యాటరీ దగ్గరున్న కరెంటు సెల్ఫ్ దాకా చేరడం లేదు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగున్నట్టు.

ఇక్కడ చాలామంది డ్రైవర్లు హెడ్‌లైట్లు వేసి చూస్తారు. లైట్లు బాగా వెలుగుతున్నాయి, కాబట్టి వైర్లు బాగున్నాయి అంటారు. రెండు హెడ్‌లైట్లూ కలిపి లాగేది పది ఆంపియర్ల లోపు. డీజిల్ ఇంజిన్ని తిప్పడానికి సెల్ఫ్ లాగేది వందల ఆంపియర్లు. వైరులో ఎక్కడో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉందనుకోండి. లైట్లకి అది లెక్కే కాదు. అదే దారిలో 200 ఆంపియర్లు వెళ్లాలంటే 2 వోల్టులు అక్కడే పోతాయి. మీటర్లో బీప్ కొట్టే సెట్టింగు కూడా ఇందుకే పనికిరాదు. లావు కేబుల్లో పోగులన్నీ తెగి నాలుగు మిగిలినా అది బీప్ అంటుంది, మనం బాగుందనుకుంటాం. ఓమ్స్‌లో పెట్టి చూసినా అంతే, చిన్న మీటర్‌కి అంత సన్న తేడా అందదు.

పనిచేసేది ఒక్కటే పద్ధతి. సెల్ఫ్ కొడుతుండగా ఒకే వైరు ఆ చివర, ఈ చివర మీటర్ పిన్నులు పెట్టి మధ్యలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడటం. మీటర్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర పిన్ను ఇంజిన్ బ్లాకు మీద పెయింటు లేని చోట పెట్టాలి. పోస్టు అంటే సీసపు కడ్డీ, దానికి బిగించిన క్లాంపు కాదు. రెండింటి మధ్యే చిలుము ఉంటే క్లాంపు మీద పెట్టిన పిన్ను దాన్ని చూడలేదు. గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, వైర్లు ఫ్యానుకి దూరంగా పెట్టి ఇంకొకర్ని తాళం తిప్పమనాలి. ఈ నెగటివ్ వైపు, అంటే ఎర్త్ వైపు, 0.2 వోల్టు దాకా ఫర్వాలేదు. పాజిటివ్ వైపు, బ్యాటరీ నుంచి సెల్ఫ్ బోల్టు దాకా, అర వోల్టు దాటకూడదు.

మా బండి మొరాయించిన ఓ రాత్రి ఇలా కొలిస్తే ఎర్త్ వైపు ఒక వోల్టు దాటింది. అదే చోట మధ్యాహ్నం ఎండలో చూస్తే అందులో మూడో వంతు కూడా లేదు. అంతకు ముందే బ్యాటరీ కొత్తది పడింది, సెల్ఫ్ విప్పి కార్బన్లు, బుష్‌లు మార్చడమూ అయింది. ఆ బిల్లులన్నీ కట్టాక కూడా జబ్బు అక్కడే ఉంది. ఛాసిస్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీ విప్పి చూస్తే పైకి బాగానే ఉంది, బోల్టు కింద మాత్రం పచ్చగా చిలుము, పోగులు సగం పొడి. రొయ్యల ట్రేల్లోంచి కారే ఉప్పు నీళ్లు బాడీ సందుల్లోంచి సరిగ్గా అక్కడికే దిగుతున్నాయి. తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరినప్పుడు ఒకలా, గతుకుల్లో కదిలినప్పుడు ఇంకోలా కలుస్తుంటే ఫాల్టు వచ్చీపోకుండా ఎలా ఉంటుంది? నీళ్ల సరుకు తోలే ఏ బండైనా, చేపలు కానీ రొయ్యలు కానీ, ముందు ఈ పట్టీ చూడండి. కొత్తది వేశాక బోల్టు కింద లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూస్తున్నాం. ఏటా వానలకి ముందోసారి విప్పి చూసుకోవడం అలవాటైంది.

మీటర్ లేనివాళ్లకి దారిలో ఒక ఉపాయం ఉంది. జంపర్ కేబుల్ ఒకటే తీసుకుని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజిన్ మీద గట్టి లోహానికి తగిలించండి. అంతవరకూ మూలిగిన సెల్ఫ్ వెంటనే గిర్రున తిరిగితే ఫాల్టు ఎర్త్‌లోనే.

ఇక టెస్టు బల్బు. మామూలుగా దీన్ని వైరులో కరెంటు ఉందా లేదా చూడ్డానికి వాడతారు. అందులోనే మీటర్ కన్నా ఇది నయం. ఎక్కడో సన్నగా తగులుతున్న వైరు కూడా మీటర్‌లో 12 చూపిస్తుంది, బల్బు పెడితే మినుకుమంటుంది. కానీ నాకు ఇది ఉపయోగపడింది ఇంకో రకంగా. సోలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు టెర్మినల్ దగ్గర నుంచి పొడుగు వైరు ఒకటి లాగి, మొదట్లోనే చిన్న ఫ్యూజు పెట్టి, 5 వాట్ల బల్బుకి కలిపి డాష్‌బోర్డు మీద వదిలేశాను. బల్బు రెండో వైరు బ్యాటరీ నెగటివ్‌కి. తాళం తిప్పిన ప్రతిసారీ బల్బు వెలుగుతుంది. ఫాల్టు వచ్చిన రోజు కూడా బల్బు నిండుగా వెలిగి సెల్ఫ్ తిరగలేదంటే తాళం, రిలే, క్లచ్ స్విచ్ అన్నీ నిర్దోషులు, తప్పు సెల్ఫ్‌దో లావు వైర్లదో. బల్బు వెలగలేదంటే సెల్ఫ్‌ని ముట్టుకోనక్కర్లేదు. గట్టు మీద చీకట్లో బానెట్ ఎత్తకుండా, పక్కన ఎవరూ లేకుండా సగం బండిని అనుమానాల్లోంచి తీసేయొచ్చు. ఫ్యూజు మాత్రం మానకండి. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే పొగే.

ఎర్త్ బాగుచేశాక చాలాకాలం సుఖంగా నడిచి, తర్వాత కొత్త గోల మొదలైంది. ఒక్క టక్, తర్వాత నిశ్శబ్దం. మళ్లీ తాళం తిప్పితే వస్తుంది, ఒక్కోసారి మూడోసారికి. బల్బు ప్రతిసారీ నిండుగానే వెలిగింది. అప్పుడు మీటర్ సోలినాయిడ్ మీదున్న రెండు లావు బోల్టుల మధ్య పెట్టాం. ఊరికే ఉన్నప్పుడు అక్కడ బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తుంది, సెల్ఫ్ కొట్టగానే దాదాపు సున్నాకి పడిపోవాలి. మాది టక్ అన్నాక కూడా 12 దగ్గరే నిలబడింది. అంటే సోలినాయిడ్ లోపలి కడ్డీ (ప్లంజర్) కదులుతోంది, దాని రాగి బిళ్ల అరిగిపోయి కాంటాక్టులకి అందడం లేదు. ఎలక్ట్రీషియన్ సెల్ఫ్ మొత్తం మార్చాలన్నాడు. మీటర్ చూపించి అడిగితే "అయితే కాంటాక్టులేస్తే సరిపోద్దండి" అన్నాడు. సరిపోయింది కూడా. మీటర్ ఖరీదు ఆ ఒక్క రోజే తిరిగొచ్చింది. అంకె చూపిస్తే బేరం మారుతుంది, అదొక లాభం.

ఓబీడీ అడాప్టర్ గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు. సెల్ఫ్ తిరగకపోవడం గురించి దానికి దాదాపు ఏమీ తెలియదు. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోనప్పుడు మాత్రం రెండు అంకెలు చూడాలి, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), రైల్ ప్రెషర్ (నోజిళ్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో ఒత్తిడి). ఇంజిన్ కళ్లముందు తిరుగుతుంటే ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ నుంచి సిగ్నల్ రావడం లేదన్నమాట. వేడెక్కితే ఆగిపోయి, చల్లారాక మళ్లీ పనిచేసే సెన్సర్లు మామూలే. పీ0335 అనే కోడ్ పడితే చూడాల్సింది అటే. ఆర్‌పీఎం వచ్చి రైల్ ప్రెషర్ లేవకపోతే డీజిల్ వైపు వెళ్లాలి. ఫిల్టర్ మూసుకుపోవడం, ఫిల్టర్లో నీళ్లు, పైపు జాయింట్లో ఎయిర్ పట్టడం, వీటికి పీ0087 అనే కోడ్ పడొచ్చు. రాత్రి ఆగిన బండి పొద్దున సతాయించి, హ్యాండ్ ప్రైమర్ (డీజిల్ ఎక్కించే చేతి పంపు) నాలుగుసార్లు నొక్కితే వస్తోందంటే ఎయిర్ గురించే ఆలోచించాలి. పాత ట్రాక్టర్ల అలవాటుతో నోజిల్ పైపు యూనియన్ వదులు చేసి ఎయిర్ తీద్దామనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కామన్ రైల్ బండిలో ఆ పని చేయకండి. నడిచే ఇంజిన్లో అక్కడ 1000 బార్లకు పైగా ప్రెషర్ ఉంటుంది, సన్నటి డీజిల్ ధార చర్మం లోపలికి దూసుకుపోతుంది.

అడాప్టర్‌తో నా పేచీ ఏమిటంటే, చవక రకాలు సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ పడి ఆఫ్ అయిపోతాయి. ఫోన్ మళ్లీ కలుపుకునేలోపు చూడాల్సిన క్షణం దాటిపోతుంది. మా బండిలో ఇది చాలాసార్లు అయింది. బ్యాటరీ మంచి ఛార్జిలో ఉంటే నిలబడుతుంది, అంటే అసలు అవసరమున్న రోజున హ్యాండిస్తుంది. పైగా సాకెట్లోనే వదిలేస్తే ఆగిన బండిలో కూడా కరెంటు తింటూ ఉంటుంది. వారం రోజులు బండి ఆపేవాళ్లు పీకి పక్కన పెట్టుకోవాలి.

మీటర్ కొనేవాళ్లకి నాలుగు మాటలు. అన్ని ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే పసుపు రంగు చిన్న మీటర్ ఈ పనులన్నిటికీ చాలు, లోపం ఒక్కటే, అంకె నెమ్మదిగా మారుతుంది. సెల్ఫ్ కొట్టే రెండు మూడు సెకన్లలో అసలు పడిపోయిన అంకెని అది దాటేయొచ్చు. మిన్-మాక్స్ బటన్ ఉన్నది తీసుకుంటే కనిష్ఠం దానంతటదే పట్టుకుని ఉంచుతుంది, తాళం తిప్పేది, మీటర్ చూసేది ఒక్కరే అయినా పనవుతుంది. నేను ఇప్పుడు వాడేది అదే. వెలుగు లేని స్క్రీన్ తీసుకోవద్దు, రాత్రి సెల్‌ఫోన్ నోట్లో పెట్టుకుని చదవాల్సొస్తుంది. 10 ఆంపియర్ల రంధ్రంలో పిన్ను పెట్టి సెల్ఫ్ కరెంటు కొలవబోతే మీటరో ఫ్యూజో కాలిపోతుంది. ఆ రంధ్రం ఆగిన బండిలో దొంగ కరెంటు ఎంత పోతోందో చూడ్డానికే, అక్కడ 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో ఒకటి ఆఫ్ కావడం లేదని లెక్క.

సెల్ఫ్ లాగే కరెంటు చూడాలంటే క్లాంప్ మీటర్ కావాలి. కొనేముందు డీసీ ఆంపియర్లు కొలుస్తుందా అని షాపులోనే అడగండి. చవక క్లాంపులు చాలావరకు ఏసీవే, ఇంటి కరెంటుకి తప్ప బండికి పనికిరావు. డీసీది కాస్త ఖరీదు. రెండు బండ్లు దాటి ఉన్నవాళ్లకైతే కొనమంటాను, ఒక్క బండికి పైన చెప్పిన బల్బు, మీటర్ సరిపోతాయి.