ఆర్గాన్ వాయించేవాళ్లకు ఏది మేలు: చర్చి కొలువా, సినిమా హాలు కొలువా?

పాత సినిమా హాళ్ల ఆర్గాన్ల (మూకీ బొమ్మలకు సంగీతం అందించిన, గాలితో పైపులు పలికే పెద్ద వాయిద్యాలు) గురించి నేను ఎప్పుడు రాసినా ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు: రెండు చోట్లా వాయించినవాళ్లు ఉన్నారు కదా, ఏది మేలు? ఈమధ్య చర్చిలో కీబోర్డు వాయించే పిల్లలు కూడా అడుగుతున్నారు కాబట్టి ఒకసారి వివరంగా చెబుతాను.

ఈ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చే మనిషి క్వెంటిన్ మెక్లీన్. 1896లో లండన్‌లో పుట్టారు. జర్మనీలోని లైప్జిగ్‌లో కార్ల్ స్ట్రౌబే దగ్గర ఆర్గాన్, మాక్స్ రేగర్ దగ్గర స్వరరచన నేర్చుకున్నారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బెర్లిన్ దగ్గరి రూలేబెన్ శిబిరంలో బందీగా ఉండిపోయారు. విడుదలయ్యాక వెస్ట్‌మినిస్టర్ కెథీడ్రల్‌లో సహాయ ఆర్గనిస్టు అయ్యారు, అక్కణ్నుంచి సినిమా హాళ్లకు వెళ్లారు. 1930లో లండన్‌లోని ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర తెరిచిన ట్రోకడెరో సినిమా హాల్లో నాలుగు మాన్యువల్స్ (చేతులతో వాయించే కీబోర్డులు), 21 వరుసల పైపులున్న వర్లిట్జర్ కంపెనీ ఆర్గాన్ వాయించింది ఆయనే. 1939లో కెనడా వెళ్లి, టొరంటోలో షేస్ హిప్పోడ్రోమ్ అనే హాల్లోనూ, హోలీ రోజరీ చర్చిలోనూ వాయించారు. 1962లో పోయేదాకా ఆ చర్చిలోనే ఉన్నారు.

డబ్బు, పేరు చూసుకుంటే సినిమా హాలే మేలు, అందులో అనుమానం లేదు. దీపాలు వెలుగుతుండగా కన్సోల్ (ఆర్గనిస్టు కూర్చుని వాయించే బల్ల) లిఫ్టు మీద పైకి లేస్తుంది, పోస్టర్ మీద పేరు పడుతుంది. చర్చి ఆర్గనిస్టు పైన ఎక్కడో బాల్కనీలో, అద్దంలో పాదిరిగారిని చూసుకుంటూ కూర్చుంటాడు. చాలామందికి ఆయన ముఖమే తెలియదు. కాకపోతే సినిమా కొలువుకు ఆయుష్షు తక్కువ. 1927లో టాకీల ఊపు మొదలయ్యాక కొన్నేళ్లలోనే అమెరికా హాళ్లలో ఈ పని దాదాపు లేకుండా పోయింది. ఇంగ్లండ్‌లో విరామం కచేరీల పుణ్యమా అని ఇంకొంతకాలం నిలిచింది. షేస్ హిప్పోడ్రోమ్‌ను 1957లో కూల్చేశారు. టొరంటోలో ఉన్న మనవాళ్లు కాసా లోమా అనే కోటలాంటి భవనం చూడటానికి వెళ్తే, అక్కడున్న వర్లిట్జర్ ఆ హాలుదే.

వాయిద్యం సంగతికొస్తే, రెండూ ఒకటే అనుకోకండి. చర్చి ఆర్గాన్‌లో మామూలుగా ఒక్కో స్టాప్‌కు (ఒక రకం ధ్వనిని పలికించడానికి లాగే మీట) సొంత పైపుల వరుస ఉంటుంది. సినిమా ఆర్గాన్‌లో ఒకే వరుసను సాగదీసి నాలుగైదు స్టాప్‌లుగా వాడతారు. గాలి ఒత్తిడి చాలా ఎక్కువ, స్వరాన్ని వణికించే ట్రెమ్యులెంట్ దాదాపు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. డప్పులు, తాళాలు, గుర్రపు డెక్కల చప్పుడు, పిట్టకూత కూడా అందులోనే. ఈ పద్ధతికి దారి వేసిన రాబర్ట్ హోప్-జోన్స్ మాత్రం చర్చి మనిషే. టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరుగా ఉంటూ బర్కెన్‌హెడ్‌లోని సెయింట్ జాన్స్ చర్చిలో ఆర్గాన్ వాయించేవారు. కరెంటు తీగతో పైపులను పలికించే ప్రయోగాలు అక్కడే చేశారు. 1910లో వర్లిట్జర్ కంపెనీలో చేరారు.

నా దృష్టిలో తేల్చేది ఇవేవీ కావు. మీరు వాయిస్తుంటే అవతలివాళ్లు మారతారా లేదా, అదీ అసలు సంగతి.

మూకీ బొమ్మ నడుస్తుంటే ఆర్గనిస్టు కళ్లు తెర మీదే ఉండాలి. ఎడమ కాలు పెడల్స్ మీద బేస్ వాయిస్తుంది. కుడి కాలు స్వెల్ పెడల్ వదలదు, ధ్వనిని పెంచేదీ తగ్గించేదీ అదే. ప్రేమ పాట ఇంకా పూర్తి కాకముందే గుర్రాలు దూసుకొస్తాయి. అక్కడే దాన్ని తుంచి పరుగు అందుకోవాలి. ఏ సన్నివేశానికి ఏ పాటో రాసిన క్యూ షీట్ ముందే ఉన్నా ఇది మామూలు నేర్పు కాదు, నాకు చాలా గౌరవం. కానీ ఎంత గొప్పగా వాయించినా బొమ్మ తన దారిన తాను పోతుంది.

చర్చిలో కీర్తన మొదలైతే అలా కాదు. వందల గొంతులు, అవి ఆర్గనిస్టు చెవికి చేరేసరికి కాస్త ఆలస్యం. వాళ్లకోసం ఆగితే వాళ్లూ ఆగుతారు, రెండో చరణానికల్లా పాట నీరసపడిపోతుంది. పట్టించుకోకుండా వెళ్లిపోతే ఆర్గాన్ ఒక దారి, జనం ఒక దారి. అందుకే వినబడుతున్నదానికంటే ఒక పిసరు ముందుండి నడిపించాలి, పాదం చివర చేతులెత్తి ఊపిరి తీసుకునే చోటివ్వాలి. ఆర్గాన్‌కు గాలి బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) నుంచి వస్తూనే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఈ చోటు మర్చిపోతారు. వాయిస్తూ తామూ పాడితే తప్ప అలవాటు కాదు. చివరి చరణానికి ముందు ఇంకో స్టాప్ లాగి చూడండి, జనం గొంతు పెరుగుతుంది. నాకు దీన్ని మించిన జీతం లేదనిపిస్తుంది.

సినిమా హాళ్లలోనూ తెర మీద పాట అక్షరాలు వేసి జనం చేత పాడించేవారు, నిజమే. అక్కడ పనికొచ్చేదీ ఈ విద్యే.

మిగతా కొలువుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రేడియోలో బీబీసీ 1936లో సొంత థియేటర్ ఆర్గాన్ పెట్టుకుంది, రెజినాల్డ్ ఫూర్ట్ వాయించారు. బేస్‌బాల్ మైదానాల్లో 1941 నుంచి ఉంది. సరదాగా ఉంటాయి, అంతే.

కాబట్టి అడిగిన పిల్లలకు నా మాట: ముందు చర్చిలో కూర్చోండి. కీర్తనలు రెండు కాళ్లతో, మడమా మునివేళ్లూ వాడుతూ, ట్రెమ్యులెంట్ లేకుండా వాయించడం నేర్చుకోండి. అది కుదిరాక సినిమా పద్ధతికి వెళ్లండి. అప్పుడు కుడి కాలిని స్వెల్ పెడల్‌కు అప్పగించి, బేస్ మొత్తం ఎడమ కాలికి అలవాటు చేయాలి. అక్కడ కొంత తడబాటు తప్పదు, కొన్ని నెలలు ఓపిక పట్టండి.