ముందు పరీక్షలా, ముందు పాఠమా? చదవడం పట్టుబడని పిల్లలకు ఏది మేలు?

చదవడంలో వెనకబడిన పిల్ల విషయంలో బడికి రెండు దారులుంటాయి. పాఠశాల మనస్తత్వ నిపుణుల చేత పూర్తి పరీక్షలు చేయించి, డిస్లెక్సియా, అంటే మాటలను తప్పులేకుండా, తడబడకుండా చదవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది, అని తేలాకే ప్రత్యేక బోధన మొదలుపెట్టడం ఒకటి. ఏ పేరూ పెట్టకుండానే నలుగురైదుగురిని కూర్చోబెట్టి నేర్పుతూ, ఎంత అందుకుంటున్నారో వారం వారం కొలవడం రెండోది.

మొదటి పద్ధతి చాలాకాలం తెలివితేటల స్కోరుకూ చదువు స్కోరుకూ ఉన్న తేడా మీద నడిచింది. ఆ తేడా కొలతకు అందేంత పెరిగేసరికి విలువైన తొలి తరగతులు గడిచిపోతాయి. అంటే, సాయం అందాలంటే ముందు బాగా వెనకబడాలన్నమాట. పైగా ఆ తేడా ఉన్న పిల్లల్లోనూ లేని పిల్లల్లోనూ మూల సమస్య, అంటే మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోలేకపోవడం, చాలావరకు ఒకటేనని పరిశోధనలు చూపాయి. 2004లో సవరించిన అమెరికా ప్రత్యేక విద్యా చట్టం ఆ తేడాను చూసి తీరనక్కరలేదంది. మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్ఎం-5 కూడా 2013లో దాన్ని వదిలేసింది.

రెండో పద్ధతి బలం పిల్ల పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ‘పలక’ను గబుక్కున చదివిన పిల్ల ‘చక్రం’ దగ్గర ఆగి ‘చకరం’ అంటుంది. వత్తు ఏ హల్లుతో కలిసి పలుకుతుందో వేలితో చూపి, పలికించి, రాయించి, మళ్లీ చదివించడానికి ఏ నివేదిక కోసమూ ఆగనక్కరలేదు. నిమిషంలో తప్పు లేకుండా ఎన్ని మాటలు చదివిందో వారానికోసారి గ్రాఫు మీద గుర్తు పెడితే, బోధన పనిచేస్తోందో లేదో ఆ గీతే చెబుతుంది.

అయితే "ఇంకో నెల చూద్దాం" అంటూ ఏడాది గడిపేసే జాడ్యం దీనికే ఎక్కువ. దీన్ని సాకుగా చూపి పరీక్షలు ఆలస్యం చేయరాదని అమెరికా విద్యాశాఖ 2011లో రాష్ట్రాలకు రాయవలసి వచ్చింది. నిపుణుల పరీక్షలో తప్ప స్పష్టంగా తేలని సంగతులూ ఉంటాయి: వినిపిస్తే కథంతా చెప్పగలిగి, తాను చదవబోతే తడబడే పిల్ల ఇబ్బంది వేరు, వినిపించినా అర్థం చేసుకోలేని పిల్ల ఇబ్బంది వేరు. రెండో పిల్లకు వత్తులు మాత్రమే దిద్దించి లాభం లేదు.

కాబట్టి చిన్న తరగతుల్లో నా ఓటు పాఠానికే, చూపునూ వినికిడినీ పాఠం మొదలైన వారంలోనే డాక్టరు చేత పరీక్ష చేయించాలన్న షరతుతో. రెండు మూడు నెలల్లో గీత కదలకపోతే పిల్లను ఆ గ్రాఫుతో సహా నిపుణుల దగ్గరకు పంపాలి, ఈలోగా బోధన ఆపకూడదు. పెద్ద తరగతుల్లో మాత్రం పరీక్షలూ పాఠమూ ఒకే వారంలో మొదలవ్వాలి, ఎందుకంటే పరీక్ష రాయడానికి అదనపు సమయం కావాలంటే సాధారణంగా నిర్ధారణ పత్రం అడుగుతారు, అది ఒక్కరోజులో చేతికి రాదు.