డిక్రీ, జప్తు, తనఖా: అప్పిచ్చినవారికి ఏది మేలు?

కోర్టులో డిక్రీ, అంటే బాకీ కట్టమనే తీర్పు, వచ్చిందంటే అప్పు తీసుకున్నవాడి భూమి మన గుప్పిట్లోకి వచ్చినట్టేనని కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు వైపూ చాలామంది నమ్ముతారు. రొయ్యల చెరువుకనో, పిల్ల పెళ్లికనో అడిగితే ప్రోనోటు మీద లక్షలు ఇస్తారు. ఏళ్లతరబడి కోర్టుకు తిరిగి డిక్రీ తెచ్చుకుంటారు. ఆపైన దాన్ని బీరువాలో పెట్టి, పన్నెండేళ్లు టైముంది కదా అని ఊరుకుంటారు. ఈలోపు అవతలి మనిషి కొబ్బరితోట అమ్మేస్తాడు. మనల్ని ఎగ్గొట్టడానికే అమ్మాడని నిరూపించగలిగితే తప్ప కొన్నవారిని మనం ఏమీ చేయలేం. కష్టార్జితం ఇలా పోతుంటే బాధేస్తుంది.

ముందు ఉత్త డిక్రీ సంగతి. 1963 నాటి లిమిటేషన్ (కాలపరిమితి) చట్టంలో 136వ ఆర్టికల్ ప్రకారం డబ్బు డిక్రీ అమలుకు గడువు 12 ఏళ్లు. అది డిక్రీకి ఉన్న ఆయుష్షే గానీ, అన్నాళ్లూ భూమి మనకు కట్టుబడి ఉంటుందని కాదు. కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. తీర్పు సారాంశాన్ని కౌంటీ రికార్డర్ దగ్గర నమోదు చేయిస్తే, ఆ కౌంటీలో అప్పుదారుకున్న స్థిరాస్తిపై సాధారణంగా పదేళ్లపాటు లీన్ (ఆస్తి ఆ బాకీకి కట్టుబడి ఉండే హక్కు) ఉంటుంది, గడువులోగా తీర్పును రెన్యువల్ కూడా చేయించుకోవచ్చు. అక్కడున్న మన పిల్లలు ఆ లెక్కతో ఫోన్లో సలహా ఇస్తే నమ్మకండి. ఇక్కడ డిక్రీ దానంతటదే ఆస్తికి అంటుకోదు, దానికి రెన్యువల్ కూడా లేదు.

ఇంకో పొరపాటు ప్రోనోటు అలవాటు వల్ల వస్తుంది. నోటు మూడేళ్లకు మురిగిపోకుండా, గడువు లోపలే కొంత సొమ్ము తీసుకుని వెనక చెల్లు రాయించి సంతకం పెట్టిస్తాం. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి. డిక్రీ విషయంలో ఈ ఉపాయం పనిచేయదు. అప్పుదారు ఏటా దాళ్వా పంట అమ్మి ఎంతో కొంత కట్టినా, బాకీ ఉన్నానని కాగితం రాసిచ్చినా 12 ఏళ్ల లెక్క మారదు, ఎందుకంటే లిమిటేషన్ చట్టంలోని 18, 19 సెక్షన్లు డిక్రీ అమలుకు వర్తించవు. జబ్బు చేసిందనో, ఊళ్లో లేమనో చెప్పి ఆలస్యాన్ని మన్నించమని అడగడానికీ వీల్లేదు. వాయిదాల మీద కట్టమని డిక్రీ ఇస్తే మాత్రం, ఏ వాయిదా తప్పితే దానికి ఆ తేదీ నుంచి గడువు లెక్కపెడతారు. అప్పీల్లో విచారణ జరిగి తీర్పు వస్తే ఆ తీర్పు తేదీ నుంచి లెక్క.

రెండో దారి, ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసి జప్తు చేయించడం. కోర్టు అమీనా వచ్చి, టముకు వేయించి, భూమి దగ్గర నోటీసు అంటించాక అప్పుదారు ఆ భూమిని అమ్మినా ఆ అమ్మకం మన డిక్రీ ముందు చెల్లదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్ ఇచ్చే రక్షణ అది. అయితే జప్తుకు ముందే రిజిస్టరయిన అగ్రిమెంటు ఉండి, దాని ప్రకారం అమ్మితే మన జప్తు అడ్డం రాదు. ఇంకో ప్రమాదం, వాయిదాకు హాజరు కాకపోతే ఈపీ కొట్టేస్తారు. అప్పుడు జప్తు కొనసాగుతుందని జడ్జిగారు ప్రత్యేకంగా రాయకపోతే జప్తు కూడా పోయినట్టే. వ్యవసాయదారుడు కాపురముండే ఇంటిని ఎలాగూ జప్తు చేయకూడదు. కాబట్టి పొలం, తోట, చెరువు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో ముందే తెలుసుకోవాలి. జప్తు ఉత్తర్వు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరి ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రంలో) కనిపించేదాకా వెంటపడాలి.

తీర్పు రాకముందే జప్తు అడగొచ్చు గానీ, అప్పు ఎగ్గొట్టడానికే ఆస్తి అమ్ముతున్నాడని ఆధారం చూపాలి. ఉత్త అనుమానం సరిపోదు.

ఇక తనఖా. అప్పు ఇచ్చే రోజునే ఇద్దరు సాక్షులతో దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించాలి. ఖర్చవుతుంది, పైగా బావమరిదినో మేనల్లుడినో రిజిస్ట్రార్ ఆఫీసుకు రమ్మనడం మొహమాటమే. కానీ ఆ రోజు నుంచే భూమి మన అప్పుకు కట్టుబడుతుంది, ఆ తర్వాత ఎవరు కొన్నా మన బాకీతో సహా కొన్నట్టే. సొమ్ము చెల్లించాల్సిన తేదీ నుంచి దావాకు 12 ఏళ్లు ఉంటుంది. ప్రోనోటుకైతే మూడే. తనఖా దావాలో సొమ్ము కట్టడానికి గడువిస్తూ కోర్టు ముందు ప్రిలిమినరీ డిక్రీ ఇస్తుంది. ఆ గడువు దాటాక, భూమిని వేలం వేయించే ఫైనల్ డిక్రీకి మూడేళ్లలోపు దరఖాస్తు చేయాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే.

అసలు తేడా బయటపడేది అప్పుదారు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టినప్పుడు. ఆ పిటిషన్ను కోర్టు స్వీకరించేలోపు వేలం జరిగి సొమ్ము చేతికి రాకపోతే, ఉత్త జప్తు వల్ల దివాలా రిసీవర్ (కోర్టు తరఫున అప్పుదారు ఆస్తిని చూసే అధికారి) ముందు మనకు ప్రత్యేక హక్కేమీ మిగలదు. అప్పిచ్చిన మిగతావారితో పాటు మనమూ వరసలో నిలబడాలి. తనఖా ఉన్నవారు తమ భూమి మీద తమ సొమ్ము రాబట్టుకోవచ్చు. చెరువుల మీద నష్టాలొచ్చి ఐపీలు పెట్టడం మన ప్రాంతానికి కొత్తకాదు. అందుకే పెద్ద మొత్తానికి తనఖాయే మేలని గట్టిగా చెబుతాను, చుట్టరికమున్నా సరే.

ఇప్పటికే డిక్రీ చేతిలో ఉన్నవారికి జప్తే దారి, అదీ మొదటి ఏడాదిలోనే. పదకొండో ఏడు నడుస్తుంటే ఈ నెలలోనే వకీలును కలవండి. గడువులోపు వేసిన ఈపీ 12 ఏళ్లు దాటాక కూడా నడుస్తుంది. కానీ గడువు దాటాక కొత్త ఆస్తి చేర్చబోతే దాన్ని కొత్త ఈపీగా చూసి తోసిపుచ్చే ప్రమాదముంది. అందుకని అప్పుదారు పేరున ఉన్న ప్రతి సెంటునూ ఇప్పుడే ఈపీలోని ఆస్తుల జాబితాలో (షెడ్యూల్లో) రాయించండి.